రాక్షసి బొగ్గును గాలిమరయు

చార్మినారు చుట్టుప్రక్కల సందులలో నివసించు మన విద్యార్థులకు దీపము వెలిగించుట మీట నొక్కినంత సులభము. ఆ వెలుగు ఎచ్చటనుండి వచ్చుచున్నదని యడిగినచో పెక్కురు "తీగెలనుండి" యని చెప్పుదురు. ఉత్తరము తప్పు గాదు. కాని తీగె రెండవ కొన ఎచ్చట నున్నదో తెలిసికొనవలసియున్నది.

1871లో భారత భూగర్భ పరిశోధన శాఖకు చెందిన డాక్టర్ విలియం కింగు యెల్లందు సమీపమున రాక్షసి బొగ్గును కనుగొనెను. 1886లో ఇంగ్లండున స్థాపింపబడిన హైదరాబాదు దక్కను కంపెనీ దానిని త్రవ్వు హక్కును పొందెను. 1920లో అది సింగరేణి కాలరీస్ కంపెనీ యయ్యెను. ఆ సంవత్సరమే హుస్సేన్‌సాగరు గట్టున విద్యుత్కేంద్ర మొకటి వెలసి నగరమునకు దీపములు ఇచ్చెను. ఆ కేంద్రము నేడు లేదు. ఇప్పుడు గోదావరీ తీరమున రామగుండములో 2,600 మెగావాట్ల కేంద్రమును, మరి కొన్నియు సింగరేణి బొగ్గును దహించుచున్నవి.

బొగ్గు మండి నీటిని ఆవిరి చేయును. ఆవిరి చక్రమును త్రిప్పును. చక్రము విద్యుత్తును పుట్టించును. గాలిమరలో నిప్పును లేదు, ఆవిరియు లేదు. గాలియే చక్రమును త్రిప్పును. అయితే ఇందొక గణితధర్మము కలదు. గాలి వేగము రెట్టింపైనచో దానియందలి శక్తి రెండు రెట్లు గాదు, ఎనిమిది రెట్లగును. కావుననే గాలిమరలు పాతువారు మైదానములను విడిచి కొండశిఖరముల నెక్కుదురు. అనంతపురము సీమలోని రామగిరి కొండలమీద అవి వరుసలు తీరి యుండుటకు ఇదియే కారణము.

విద్యార్థులారా, పలక తీయుడు. 800 కిలోవాట్ల గాలిమర యొకటి సంవత్సరములోని 8,760 గంటలును నిండుబలముతో తిరిగినచో 70,08,000 యూనిట్లు వచ్చును. కాని గాలి మన సేవకుడు గాదు. అందులో అయిదవ వంతుకంటె కొంచెము హెచ్చుగా, 15 లక్షల యూనిట్లు వచ్చుననుకొందము. ఒక యూనిట్టుకు సుమారు 650 గ్రాముల బొగ్గు కావలయు ననుకొన్నచో, ఆ యొక్క గాలిమర యేటేట 975 టన్నుల బొగ్గును భూమిలోనే యుంచును. మీ యింటి బిల్లులో నెలకు 200 యూనిట్లున్నచో, అది 130 కిలోల బొగ్గు. మోయుటకు ఇద్దరు మనుష్యులు చాలరు! ఇక రెండవ వైపు చూడుడు. రామగుండము మూడు వంతుల బలముతో నడచిన 1,708 కోట్ల యూనిట్లు వచ్చును. దానికి బదులుగా అట్టి గాలిమరలు పదునొకండు వేలకు పైగా కావలయును. గాలిమరను పొగడువారు ఈ లెక్కను సామాన్యముగా చెప్పరు.

మరియు మన దేశమున గాలి జూన్ మొదలు సెప్టెంబరు వరకు బలముగా వీచును. పరీక్షలు వ్రాయు మార్చిలో మందగించును. ఎక్కువ గాలి యున్నప్పుడు నీటిని ఎగువ చెరువునకు తోడి, అవసరమైనప్పుడు క్రిందికి విడుచు పద్ధతి యొకటి కలదు. నంద్యాల జిల్లా పిన్నాపురమున ఇట్టి జలాశయములు కట్టబడినవి.

బొగ్గు ధరను రూపాయలలోనే కొలువరాదు. 2003 జూన్ 16వ తేదీన గోదావరిఖని గనిలోనికి నీరు ఉరికివచ్చి 17 మంది కార్మికులు మరణించిరి. ఉపరితల గనుల వలన పొలములును ఊళ్లును పోయి, త్రవ్విన మన్ను గుట్టలై నిలిచినది. అయినను ఆ గనుల జీతములతోనే వేల కుటుంబములు పిల్లలను చదివించుకొన్నవి. నిలబెట్టిన పిమ్మట గాలిమరకు కాపలాదారును, కొలదిమంది పనివారును చాలుదురు. గని మూతబడిన ఊరి దుకాణదారునకు గాలిమర అన్నము పెట్టదు.

అమెరికాలోని పశ్చిమ వర్జీనియా రాష్ట్రమున కోల్ రివర్ పర్వతముపై ఈ తగవు సూటిగా వచ్చినది. బొగ్గుకొఱకు శిఖరమును ప్రేల్చవలెనని కంపెనీవారును, అదే శిఖరముపై గాలిమరలు నిలుపవలెనని అచ్చటి నివాసులలో కొందరును 2008 ప్రాంతమున వాదించిరి. శిఖరము తగ్గినచో గాలియు తగ్గునని వారి వాదము. 2009లో ప్రేల్చుట ఆరంభమయ్యెను.

మన యొద్ద తగవు మరియొక విధము. ఇప్పటి శ్రీ సత్యసాయి జిల్లాలోని ముష్టికోవెల మొదలగు గ్రామములవారు, టింబక్టు కలెక్టివ్ అను సంస్థ తోడ్పాటుతో, కల్పవల్లి యను బీడుకొండలను కొన్ని యేండ్లు కాచి తిరిగి పచ్చపరచిరి. గొఱ్ఱెలకు మేతయు, వాగులకు నీరును కలిగెను. 2010 తరువాత ఆ కొండలమీద గాలిమరలు వెలసెను. పొడవైన రెక్కలను బండ్లపై ఎక్కించుటకు వెడల్పైన బాటలు కొండ ప్రక్కలను కోసి వేయబడెను. మన్ను జారి వాగులలో పడెను. 2006 నాటి పర్యావరణ ప్రకటనలో గాలిమరలకు ముందస్తు పరీక్ష విధింపబడలేదు. 2013లో ఈ విషయము జాతీయ హరిత న్యాయస్థానమునకు పోయెను.

నా యభిప్రాయమున గాలిమరయే మేలు. ఏలయన దాని ఆయుష్షు ఇరువది, ఇరువదియైదు సంవత్సరములు మాత్రమే, పిమ్మట దానిని ఊడదీయవచ్చును. గని గొయ్యిని ఊడదీయలేము. కాని బాట ఎంత వెడల్పుండవలెనో, ఏ వాగు ప్రక్కగా పోవలెనో, గొఱ్ఱెలు కాచువానిని ముందుగా అడుగవలెను. వాగు పూడిన తరువాత అడిగినచో వాడు చెప్పగలిగినది ఏమియు నుండదు.