‘బాల’ పత్రికను నడిపిన రేడియో అక్కయ్య: న్యాయపతి కామేశ్వరి

ఎందుకు చదవాలి?

పత్రికల పాఠం అనగానే నల్లగొండ, పాలమూరు నుంచి పోటీ పరీక్షలు రాసే అభ్యర్థులకు రెండు పేర్లు చప్పున నోటికొస్తాయి. 1922లో నల్లగొండ నుంచి షబ్నవీసు వెంకటరామ నరసింహారావు తెచ్చిన ‘నీలగిరి’ ఒకటి. 1926లో పాలమూరు బిడ్డ సురవరం ప్రతాపరెడ్డి హైదరాబాదులో మొదలుపెట్టిన ‘గోలకొండ’ రెండోది. పిల్లల పత్రికలు, బొమ్మల కథలు, వాటి వెనుక పనిచేసిన స్త్రీలు మాత్రం నోట్సుల్లో అరుదుగా కనిపిస్తారు. అక్కడ ముందుగా రాసుకోవలసిన పేరు న్యాయపతి కామేశ్వరి (1908–1980).

రేడియో నుంచి అచ్చుకు

మద్రాసులో ఆకాశవాణి కేంద్రం 1938లో మొదలైంది. అక్కడి తెలుగు పిల్లల కార్యక్రమాలతో న్యాయపతి రాఘవరావు, కామేశ్వరి దంపతులు ‘రేడియో అన్నయ్య, రేడియో అక్కయ్య’ అయ్యారు. 1940లో ఆంధ్ర బాలానంద సంఘం పెట్టారు. రేడియోలో చెప్పిన కథ గాలిలో కలిసిపోతుంది. పిల్లవాడు దాచుకుని మళ్లీ చదువుకోవాలంటే కాగితం కావాలి. 1945 ఆగస్టులో ‘బాల’ మాసపత్రిక వచ్చింది. మరో పిల్లల పత్రిక ‘చందమామ’ కన్నా దాదాపు రెండేళ్లు ముందు!

‘బాల’ గొప్పతనం ఎక్కడుంది?

పెద్దలు పిల్లల కోసం రాయడం కొత్తేమీ కాదు. పిల్లలు రాసినదాన్ని, గీసినదాన్ని అచ్చువేసి వాళ్లకు పేరు తెచ్చిపెట్టడంలోనే ‘బాల’ సత్తా ఉంది. ముళ్లపూడి వెంకటరమణ తొలి కథ ‘అమ్మ మాట వినకపోతే’ 1945లో ఇందులోనే వచ్చింది. అప్పటికి ఆయన వయసు పద్నాలుగేళ్లు. బాపు తొలినాటి బొమ్మలకు చోటిచ్చిందీ ఈ పత్రికే. ఆ ఇద్దరే 1956లో ‘బుడుగు’ అనే పిల్లవాడి పాత్రను పుట్టించారు. రచయిత ఎవరో గుర్తుంచుకుంటాం, మొదటి కథ తీసుకున్నవాళ్లను మరిచిపోతాం. సంపాదకుల బతుకు అంతే!

పత్రిక ఇద్దరూ కలిసి నడిపినదే. అయినా ప్రశ్నపత్రాల్లో రాఘవరావు పేరే ముందుంటుంది. స్త్రీలు సంపాదకులుగా కూర్చోవడం అప్పటికి వింతేమీ కాదు. 1902లోనే ‘హిందూ సుందరి’కి మొసలికంటి రమాబాయమ్మ, వెంపల శాంతాబాయమ్మ సంపాదకులు. దంపతులు కలిసి చేసిన పనిలో భార్య వాటా వెనక్కి పోవడం ఒక్క ‘బాల’ విషయంలోనే జరిగింది కాదు.

‘బాల’ 1959లో ఆగిపోయింది. దంపతులు అప్పటికే హైదరాబాదుకు వచ్చేశారు. బాలానంద సంఘం నారాయణగూడలో నిలదొక్కుకుంది. హైదరాబాదు ఆకాశవాణి ‘బాలానందం’ కార్యక్రమం తెలంగాణ ఊళ్లకు చేరింది.

కామిక్స్, కార్టూన్లు

ఇక బొమ్మల కథల విషయానికొస్తే, అనంత్ పై ‘అమర్ చిత్ర కథ’ కామిక్స్‌ను ప్రారంభించింది 1967లో. కార్టూన్లలో చూస్తే, తెలుగులో తొలి మహిళా కార్టూనిస్టుగా పేరుపొందినవారు విశాఖపట్నానికి చెందిన రాగతి పండరి (1965–2015). ఆమె ఆత్మకథ ‘నా గురించి నేను’.

తడబడే చోట్లు

‘బాల’ను ‘బాలమిత్ర’గా పొరబడవద్దు, అవి వేర్వేరు పత్రికలు. ‘చందమామ’ను 1947 జులైలో నాగిరెడ్డి, చక్రపాణి ప్రారంభించారు. ఏది ముందు, ఏది వెనుక అని కాలక్రమం అడిగితే బాలానంద సంఘం, ‘బాల’, ‘చందమామ’, ‘బుడుగు’, ‘అమర్ చిత్ర కథ’ అని పెట్టుకోండి.

మాదిరి ప్రశ్న

‘బాల’ పత్రికకు సంబంధించి సరికానిది ఏది?

1) న్యాయపతి దంపతులు నడిపారు
2) ముళ్లపూడి తొలి కథ ఇందులో వచ్చింది
3) ‘చందమామ’ తర్వాత మొదలైంది
4) 1959లో ఆగిపోయింది

జవాబు: 3