పాట ఒకరిది, పైకం మరొకరిది

కరీంనగర్, జగిత్యాల, సిరిసిల్ల ప్రాంతాల్లో బతుకమ్మ పండుగకు, పెండ్లి బరాత్‌లకు ఏటా వెలువడే జానపద గీతాలూ, ఆదిలాబాద్ గూడేల్లో ప్రధాన్, తోటి కళాకారులు కిక్రి వాయిస్తూ వినిపించే గోండు గాథలూ నేడు ఫోన్లలో రికార్డై యూట్యూబ్, స్పాటిఫై వంటి వేదికలకు చేరుతున్నాయి. పాట వాడుకున్నప్పుడల్లా హక్కుదారుకు చెల్లించవలసిన ప్రతిఫలాన్ని రాయల్టీ అంటారు. ఇది పక్కదారి పట్టడానికి రెండు మార్గాలున్నాయి: దొంగ వినికిడి ఒకటి, దొంగ యాజమాన్యం మరొకటి.

స్పాటిఫై వంటి సంస్థలు ఒక్కొక్క పాటకు ధర కట్టవు. చందాలు, ప్రకటనల ద్వారా వచ్చిన ఆదాయంలో కొంత భాగాన్ని ఒకచోట పోగుచేసి, మొత్తం వినికిడిలో ఏ పాటది ఎంత వాటాయో లెక్కగట్టి పంచుతాయి. కనుక యంత్రాలతో దొంగ వినికిడి పెంచినవాడు సంస్థనే కాదు, నిజంగా పాడిన ప్రతి కళాకారునీ దోచుకుంటున్నాడు. కృత్రిమ మేధతో లక్షల పాటలు తయారుచేయించి, వాటిని బాట్లతో, అంటే మనుషుల్లా నటించే కంప్యూటర్ ప్రోగ్రాములతో వినిపించి, కోటి డాలర్లకు పైగా రాయల్టీ కాజేశాడని 2024 సెప్టెంబరులో అమెరికా ప్రభుత్వ న్యాయవాదులు మైకేల్ స్మిత్ అనే వ్యక్తిపై అభియోగం మోపారు. డబ్బిస్తే వ్యూస్ పెంచుతామనే వారిని ఆశ్రయించే కొత్త గాయకులు ఇక్కడ మరింత జాగ్రత్త పడాలి. కృత్రిమ వినికిడి బయటపడితే రాబడి నిలిచిపోవచ్చు, పాటే తొలగిపోవచ్చు.

రెండో మోసం మన ప్రాంత కళాకారులకు మరింత దగ్గరిది. యూట్యూబ్‌లోని కంటెంట్ ఐడీ అనే వ్యవస్థ, ముందే నమోదైన ధ్వనితో కొత్త వీడియోను పోల్చి, సరిపోలితే రాబడిని నమోదు చేసినవారికి మళ్లించగలదు. అమెరికాలోని అరిజోనాలో ఇద్దరు వ్యక్తులు తమవి కాని 50,000కు పైగా పాటలను ఇలా తమవిగా చూపి, దాదాపు 2.3 కోట్ల డాలర్లు రాబట్టారు. వారిలో ఒకరికి 2023లో 70 నెలల జైలుశిక్ష పడింది. సొంత పాటపై ఇలాంటి క్లెయిమ్ వస్తే 5 రోజుల్లోపు అభ్యంతరం నమోదు చేయడం ఎంతో ముఖ్యం. అలా చేస్తే క్లెయిమ్ పడిన మొదటి రోజు నుంచి వచ్చిన రాబడిని, వివాదం తేలేదాకా యూట్యూబ్ ఎవరికీ ఇవ్వకుండా నిలిపి ఉంచుతుంది. ఆలస్యమైతే అభ్యంతరం పెట్టిన నాటి నుంచి మాత్రమే నిలుపుతుంది.

ఇక ఒప్పందాల సంగతి. స్టూడియోవారో చానల్‌వారో ఒక్కసారి కొంత మొత్తం చేతిలో పెట్టి, సర్వహక్కులూ శాశ్వతంగా తమవేనని కాగితం రాయించుకుంటే కళాకారుని కథ అక్కడితో ముగిసినట్టేనని చాలామంది నమ్ముతారు. చట్టం అలా చెప్పడం లేదు. 1957 కాపీరైట్ చట్టానికి 2012లో చేసిన సవరణ ప్రకారం, గీత రచయితా స్వరకర్తా తమ రచనను వాడుకున్నప్పుడు వచ్చే రాయల్టీలో సమాన వాటా పొందే హక్కును వారసులకో, వసూలు కోసం కాపీరైట్ సంఘానికో తప్ప ఎవరికీ రాసివ్వలేరు, వదులుకోనూ లేరు; వదులుకున్నట్టు రాసినా ఆ మాట 18వ సెక్షన్ కింద చెల్లదు. ఒప్పందంలో గడువు రాయకపోతే 19వ సెక్షన్ దానిని 5 ఏళ్లకే పరిమితం చేస్తుంది. గాయకులకూ వాద్యకారులకూ 38వ సెక్షన్ కింద 50 ఏళ్ల ప్రదర్శకుల హక్కు ఉంది. 18, 19 సెక్షన్లను తగిన మార్పులతో వారికీ వర్తింపజేస్తున్నది 39ఎ. రాయల్టీ వసూలుకు రచయితలు, స్వరకర్తలు ఐపీఆర్‌ఎస్ అనే కాపీరైట్ సంఘంలోనూ, గాయకులు ఇసామ్రా అనే సంఘంలోనూ సభ్యులు కావచ్చు.

తరతరాల నాటి పాటకు యజమాని లేడు కదా అనే ప్రశ్న న్యాయమైనదే. 2021లో 'లవ్ స్టోరీ' చిత్రంలోని 'సారంగ దరియా' పాటపై జానపద గాయని కోమలి అభ్యంతరం లేవనెత్తినప్పుడు ఇదే చర్చ సాగింది. పరంపరగా వచ్చిన పదాలపై ఎవరికీ గుత్తాధిపత్యం ఉండదు. అయితే వాటిని పాడిన గొంతుపై గాయనికీ, ఆ రికార్డింగుపై దాని నిర్మాతకూ వేర్వేరు హక్కులుంటాయి. ఒకరి రికార్డింగును ఎత్తుకుపోయి తమదిగా పెట్టడం జానపదమనే సాకుతో చెల్లదు.

ఉల్లంఘన జరిగితే 2013 కాపీరైట్ నియమావళిలోని 75వ నియమం కింద వేదికకు లిఖితపూర్వక ఫిర్యాదు ఇవ్వవచ్చు. వేదిక 36 గంటల్లో ఆ పాటను అందుబాటులో లేకుండా చేయాలి. అయితే 21 రోజుల్లో కోర్టు ఉత్తర్వు తేకపోతే పాట మళ్లీ కనిపించవచ్చు. కాపీరైట్ చట్టంలోని 62వ సెక్షన్ వల్ల కళాకారుడు హైదరాబాదు దాకా వెళ్లకుండా తాను నివసించే చోటనే దావా వేసుకోవచ్చు. ఉద్దేశపూర్వక ఉల్లంఘనకు 63వ సెక్షన్ కింద 3 ఏళ్ల వరకు జైలుశిక్ష ఉంది. మొదటి రికార్డింగు ఫైలు, స్టూడియో రసీదు, తేదీలతో కూడిన వాట్సాప్ సందేశాలు భద్రంగా ఉంచుకోవాలి, సాక్ష్యం అవే. మహిళలకు, షెడ్యూల్డ్ కులాల, తెగల వారికి ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచిత న్యాయవాదిని పొందే హక్కు ఉంది. అందుకు కరీంనగర్, ఆదిలాబాద్ జిల్లా న్యాయసేవాధికార సంస్థలను గానీ, 15100 నంబరును గానీ సంప్రదించవచ్చు.