రోమక రజత నాణెములు: మూర్తులు, ఉలిగాట్లు

శంకర్‌పల్లికి వాయవ్యమున, సంగారెడ్డి చేరువనున్న కొండాపురము శాతవాహన నాణెములకు ప్రసిద్ధము. రోమక రజత నాణెముల విషయమున మాత్రము నల్లగొండ జిల్లాలోని అక్కనపల్లి నిధియే ముఖ్యము. అందలి నాణెములు 1531. పరమేశ్వరీలాల్ గుప్త 1965లో ప్రకటించిన గ్రంథమున వీని వివరము కలదు. వీనిలో అధికభాగము అగస్టసు, టైబీరియసు చక్రవర్తుల పేర నున్నవి.

అగస్టసు నాణెమున ఒకవైపు ఆకుల దండ దాల్చిన చక్రవర్తి శిరస్సు, రెండవవైపు డాళ్లపై చేతులుంచి నిలిచిన ఇరువురు యువకులు కన్పట్టుదురు. వారు గాయసు, లూసియసులు; చక్రవర్తికి దౌహిత్రులు, దత్తపుత్రులు కూడ. వారసత్వ ప్రకటనమే ఆ చిత్రణ ప్రయోజనము. ఇరువురును క్రీ.శ. 4 నాటికే గతించిరి. వారి బొమ్మ మాత్రము తెలుగునేల చేరినది! టైబీరియసు నాణెముపై రాజదండమును, కొమ్మను ధరించి ఆసీనయైన స్త్రీ కలదు. ఆమెను రాజమాత లివియాగా పెక్కురు గుర్తింతురు.

అక్కనపల్లి నాణెములు పెక్కింటిపై ఉలిగాట్లున్నవి. అనుకరణ నాణెములును ఆ నిధిలో కలవు గనుక, లోపల రాగి యున్నదేమో యని పరీక్షించిరనుట యుక్తమే. కాని పుదుక్కోట్టైలో 1898లో దొరకిన 501 బంగారు నాణెములలో నూటికి తొంబదికి పైగా ముఖముననే గాటు పడినవి. పరీక్షకు అంచున గాటు చాలును గదా! పరరాజుపై ద్వేషమని చెప్పుట దూరాన్వయము. నాణెమునకు చెలామణి తొలగించి లోహముగ మాత్రమే గ్రహించిరనుట సమంజసముగ తోచును. నీరో క్రీ.శ. 64లో రజత నాణెపు బరువు తగ్గించెను. భారతీయ నిధులలో అంతకు పూర్వపు నాణెములే హెచ్చుగా నుండుట తూనికకే ఇచట విలువ యని తెలుపుచున్నది.

శాతవాహనుల రజత నాణెములపై రాజముఖమును చూచి, రోమక నాణెములే దానికి మాతృక యని కొందరు తలంతురు. అది తొందరపాటు. గౌతమీపుత్ర శాతకర్ణి నహపానుని నాణెములను వేలకొలదిగ పునర్ముద్రించెను. జోగల్తెంబి నిధి (1906) అందులకు సాక్ష్యము. కాన సమీపమాతృక క్షత్రప నాణెమే. ముఖము వెనుకవైపు ఉజ్జయినీ చిహ్నము, ఆరు వంపుల కొండ మాత్రము శాతవాహనుల సొంతము.

బొమ్మ కంటె పేరే ఇచట దీర్ఘాయువైనది. రోమక ‘దెనారియస్’ సంస్కృతమున ‘దీనార’మయ్యెను, అమరకోశము దానిని నిష్క శబ్దార్థములలో చేర్చినది. నాగార్జునకొండ శాసనమున ఇక్ష్వాకురాణి రుద్రధర భట్టారిక దానము 170 ‘దీనారి మాషక’ములు.