‘గ్రీన్’ టికెట్‌కు ఎక్కువ కట్టాలా?

సందేహం: మా అబ్బాయి మ్యూనిక్‌లో చదువుతున్నాడు. అక్కడ విమాన టికెట్ తీసేటప్పుడు మామూలు ఛార్జీ పక్కనే ‘గ్రీన్ ఫేర్’ అని ఇంకాస్త ఎక్కువ ధర కనిపించిందట. పర్యావరణానికి మేలు జరుగుతుందంటే కట్టడానికి మాకు అభ్యంతరం లేదు. కానీ ఆ డబ్బు ఎటు పోతుంది?
– ఓ పాఠకురాలు, కరీంనగర్

సమాధానం: కట్టే ముందే అడిగి మంచిపని చేశారమ్మా. ఆ సొమ్ము సాధారణంగా రెండు దారుల్లో పోతుంది. మొదటిది ఎస్ఏఎఫ్ అనే సుస్థిర విమాన ఇంధనం. వాడేసిన వంటనూనె, జంతువుల కొవ్వు, పంట వ్యర్థాల వంటి వాటితో దీన్ని తయారుచేస్తారు. తయారీ నుంచి మండేదాకా లెక్కవేస్తే, మామూలు ఇంధనంకన్నా కర్బన ఉద్గారాలు 80 శాతం దాకా తగ్గుతాయి. ధర మాత్రం 2 నుంచి 5 రెట్లు ఎక్కువ. రెండోది, మీవాడి ప్రయాణం వదిలిన కర్బనానికి బదులుగా ఇంకెక్కడో చెట్లు పెంచడం, పొగ తక్కువ పొయ్యిలు పంచడం లాంటివి. లుఫ్తాన్సా గ్రూప్ 2023లో ఐరోపా మార్గాల్లో తెచ్చిన గ్రీన్ ఫేర్స్‌లో ప్రయాణ ఉద్గారాల్లో 20 శాతానికి మొదటి దారి, మిగతా 80 శాతానికి రెండోది.

నాకు నమ్మకం మొదటిదాని మీదే. కిలో విమాన ఇంధనం మండితే సుమారు 3.16 కిలోల కార్బన్ డయాక్సైడ్ అప్పటికప్పుడే గాలిలో కలుస్తుంది. దాన్ని పీల్చుకోవడానికి చెట్టుకు ఏళ్లు పడుతుంది, అన్నేళ్లూ ఆ చెట్టు నిలబడాలి కూడా. ఇలాంటి పరిహారాల గురించి విమాన సంస్థ కేఎల్ఎం చేసిన ప్రచారం ప్రయాణికులను తప్పుదోవ పట్టించేలా ఉందని 2024 మార్చిలో ఆమ్‌స్టర్‌డామ్ కోర్టు తేల్చింది. అందుకని, ఇంధనానికి ఎంత వెళ్తుందో స్పష్టంగా చెబితేనే కట్టమనండి. ఆ ఇంధనం మీ అబ్బాయి ఎక్కిన విమానంలోనే పోస్తారని కాదు. ఏదో ఒక విమానాశ్రయం ట్యాంకులో కలిసినా వాతావరణానికి దక్కే మేలు అంతే.

సందేహం: ఎంబీఏ ప్రాజెక్టు కోసం ప్రయాణికులను అడిగితే, పర్యావరణహిత విమానానికి అదనంగా కడతామని చాలామంది చెప్పారు. నిజంగా కడతారా?
– ఓ విద్యార్థి, తిరుపతి

సమాధానం: చాలామంది కట్టరు. ఒక స్విస్ విమాన సంస్థ బుకింగ్ వ్యవస్థలోనే 63,520 బుకింగ్‌లను పరిశీలించి, 2022లో పరిశోధకులు ఫలితాలు ప్రకటించారు. కర్బన పరిహారం కోసం టన్నుకు ప్రయాణికులు కట్టడానికి సిద్ధపడింది సగటున ఒక యూరో. మధ్యస్థ విలువ చూస్తే సున్నా.

మీతో మాట్లాడినవాళ్లు అబద్ధం చెప్పారని అనుకోకండి. మీరు అడిగినప్పుడు వాళ్ల మనసు జవాబు చెప్పింది, టికెట్ దగ్గర జేబు చెబుతుంది. పైగా ‘అందరూ మానేస్తే నేనొక్కణ్ణి కట్టి ఏం లాభం?’ అన్న ప్రశ్న న్యాయమైనదే. అందరూ పీల్చే గాలి ఖర్చును కొందరి మంచితనానికి వదిలేయకూడదు. ఐరోపా సమాఖ్య ఆ పని నిబంధనతో చేస్తోంది. అక్కడ సరఫరా చేసే విమాన ఇంధనంలో 2025 నుంచి 2 శాతం ఎస్ఏఎఫ్ ఉండాలి, 2050కి అది 70 శాతం కావాలి. మన దేశం అంతర్జాతీయ విమానాలకు 2027లో 1, 2028లో 2, 2030లో 5 శాతం లక్ష్యాలు పెట్టుకుంది. ఖర్చు అందరి టికెట్లలో పంచుకుంటే ఒక్కొక్కరికీ భారం తగ్గుతుంది.

మీ ప్రాజెక్టుకు ఒక సలహా: ‘కడతారా?’ అని అడగడంతో ఆగకండి. కొందరి చేతిలో నిజంగా వంద రూపాయలు పెట్టి, ఉంచుకుంటారో దీనికి ఇస్తారో చూడండి. అప్పుడు వచ్చే లెక్కను నమ్మవచ్చు.

సందేహం: మాది బజ్జీల కొట్టు. వాడేసిన నూనెతో విమానాలు నడుస్తాయట, నిజమేనా? మేం ఎవరికివ్వాలి?
– ఓ పాఠకుడు, రాజమహేంద్రవరం

సమాధానం: నిజమే. పానీపత్‌లోని ఇండియన్ ఆయిల్ రిఫైనరీ ఇలాంటి నూనెతో విమాన ఇంధనం తయారీకి 2025లో ధ్రువీకరణ పొందింది. ‘టోటల్ పోలార్ కాంపౌండ్స్’ 25 శాతం దాటిన నూనెను వంటకు వాడకూడదని ఆహార భద్రతా సంస్థ నిబంధన. అలాంటి నూనెను సేకరించి ఇంధనంగా మార్చడానికి ఆ సంస్థే 2018లో ‘రూకో’ పథకం మొదలుపెట్టింది. మీ ప్రాంతంలో గుర్తింపు ఉన్న సేకరణదారు ఎవరో ఆహార భద్రతాధికారిని అడగండి. చల్లారాక వడకట్టి, డబ్బాలో విడిగా పెట్టి ఇవ్వండి, రసీదు తీసుకోండి. నాలుగు రూపాయలు ఎక్కువిస్తామన్నా వేరే కొట్లవాళ్లకు మాత్రం అమ్మకండి. అది మళ్లీ ఎవరో ఒకరి ప్లేటులోకి చేరుతుంది.