వ్యూ కెమెరా – దాని కదలికల ప్రయోజనము

చార్మినారు ముందు నిలిచి తీయించుకొన్న ఛాయాచిత్రము లేని ఇల్లు హైదరాబాదు నగరములో అరుదు. ఆ చిత్రములను ఒకసారి పరికించి చూచినచో, చాలవాటిలో మీనారులు ఒకదానివైపు మరియొకటి ఒరిగి, కట్టడమంతయు వెనుకకు వాలుచున్నట్లు కనిపించును. మహమ్మద్ కులీ కుతుబ్ షా 1591లో కట్టించిన ఆ కట్టడపు మీనారులు నిటారుగానే నిలిచియున్నవి. చిత్రములో ఈ వంకర ఎచ్చటినుండి వచ్చినది? దానిని మాన్పుటకు ఛాయాగ్రాహకుని చేతిలో ఉన్న ఉపాయమేమి? ఈ వ్యాసములో మేము వివరింపదలచినది ఇదియే.

11వ శతాబ్ది ఆరంభములో ఇబ్నుల్ హైసమ్ అను మహాశాస్త్రజ్ఞుడు తన ‘కితాబుల్ మనాజిర్’లో కాంతి సరళరేఖలలో పయనించునని ప్రయోగపూర్వకముగా చూపినాడు. చిన్న రంధ్రముగుండా చీకటిచోటికి ప్రవేశించిన వెలుగు ఎట్లు ప్రవర్తించునో పరిశీలించినాడు. మన కెమెరాలన్నియు ఆ చీకటిగది సంతానమే. వస్తువునందలి ప్రతి బిందువునుండి ఒక రేఖ, రంధ్రముగుండా సాగి, వెనుకనున్న తలముపై పడును. ఆ వెనుక తలము వస్తువు తలమునకు సమాంతరముగా నున్నంతవరకు చిత్రములోని ఆకృతి మారదు, పరిమాణము మాత్రమే మారును. సమాంతరత చెడిన క్షణమున ఆకృతియు చెడును. ఎత్తైన మీనారును చట్రములో ఇముడ్చుటకై మనము కెమెరాను పైకెత్తుదుము. ఎత్తగానే ఫిల్ము తలము వెనుకకు వాలును. మీనారు పైభాగము క్రిందిభాగము కంటె ఆ తలమునకు దూరమై, చిన్నదిగా పడును. అదియే ఆ ఒరుగుదలకు కారణము.

దీనికి విరుగుడు వ్యూ కెమెరాలో కలదు. సాధారణ కెమెరాలో లెన్సు, ఫిల్ము ఒకే పెట్టెలో బిగింపబడి యుండును. వ్యూ కెమెరా అట్లు కాదు. ముందొక చట్రము, వెనుకొక చట్రము, రెంటి నడుమ కొలిమితిత్తి వంటి మడతల తిత్తి, ఇంతే దాని నిర్మాణము. ముందు చట్రమున లెన్సు, వెనుక చట్రమున గరుకు గాజు పలక ఉండును. ఛాయాగ్రాహకుడు నల్లని గుడ్డ తలపై కప్పుకొని ఆ గాజుపై తలక్రిందులుగా పడిన బింబమును చూచి సరిచేసికొనును. పిదప గాజు స్థానములో ఫిల్ము గల పెట్టెను దూర్చును. ఒక్కొక్క ఫిల్ము 4×5 అంగుళములో, 8×10 అంగుళములో ఉండును. మన వైపు పాత స్టూడియోలలో హాఫ్ ప్లేటు, ఫుల్ ప్లేటు అనునవి ప్రసిద్ధములు. ఈ కెమెరా విశేషమంతయు దాని తిత్తిలో ఉన్నది. అది మెత్తనిది కనుక రెండు చట్రములను దేని దారిన దానిని ఎత్తవచ్చును, దింపవచ్చును, ప్రక్కకు జరుపవచ్చును, ముందుకు వెనుకకు వంచవచ్చును, తలుపు వలె త్రిప్పవచ్చును. వృత్తిలోని వారు వీటిని రైజ్, ఫాల్, షిఫ్ట్, టిల్ట్, స్వింగ్ అందురు.

మొదట రైజ్ అనగా లెన్సును ఎత్తుటను తీసికొందము. కెమెరాను పైకి వంచక, రసమట్టము పెట్టి నిటారుగా నిలుపుదము. 50 మీటర్ల ఎత్తు గల మీనారు ఒకటి 90 మీటర్ల దూరములో ఉన్నదనుకొందము. లెన్సు నాభ్యంతరము 150 మిల్లీమీటర్లు, దాని ఎత్తు నేలనుండి ఒకటిన్నర మీటరు. అప్పుడు బింబము వస్తువులో 600వ వంతు పరిమాణములో పడును. లెన్సు మట్టమునకు పైనున్న నలుబది ఎనిమిదిన్నర మీటర్ల మీనారు ఫిల్ముపై సుమారు 81 మిల్లీమీటర్లగును. 4×5 ఫిల్మును నిలువుగా పెట్టినను మధ్యరేఖనుండి అంచువరకు ఉపయోగపడునది 60 మిల్లీమీటర్లు మాత్రమే. అనగా మీనారు శిఖరము చిత్రములో లేదు. చిత్రములో దిగువ సగమంతయు రోడ్డు, రోడ్డుమీది తోపుడుబండ్లు. ఇప్పుడు లెన్సు చట్రమును 25 మిల్లీమీటర్లు పైకెత్తినచో మధ్యరేఖకు ఒకవైపు 85 మిల్లీమీటర్ల చోటు దొరకును. శిఖరము ఇమిడి, దానిపై కొంత ఆకాశమును మిగులును. వెనుక చట్రము కదలలేదు కనుక సమాంతరత చెడలేదు, మీనారు నిటారుగానే ఉన్నది. ఒక అంగుళము పని ఇంత ఫలితము నిచ్చును.

అయితే ఈ సౌకర్యము ఊరక రాదు. లెన్సు పారవేయు వెలుగు గుండ్రని వలయము. చిన్న కెమెరా లెన్సు తన ఫిల్మునకు సరిపడు వలయమునే ఇచ్చును. పై ఉదాహరణలో ఫిల్ము మూల వలయ కేంద్రమునుండి సుమారు 98 మిల్లీమీటర్ల దూరమునకు పోవును. కనుక వలయ వ్యాసము కనీసము 196 మిల్లీమీటర్లు ఉండవలెను. లెన్సు ద్వారమును ఎఫ్ 22కు తగ్గించినపుడు 210 మిల్లీమీటర్ల వలయము నిచ్చు లెన్సులు కలవు గాని అవి బరువైనవి, వెల ఎక్కువైనవి. వలయము చాలనిచో ఆకాశపు మూలలు నల్లబడును.

ఇచ్చట మన విద్యార్థులకు ఒక సందేహము కలుగవచ్చును. వ్యూ కెమెరా కంట చూడని వారికి ఈ లెక్కలతో పని యేమి? పని ఉన్నది. లెన్సును ఎత్తుట అనగా విశాలమైన చిత్రములోనుండి పైభాగమును ఎన్నుకొనుట తప్ప వేరు కాదు. నేడు ప్రతివారి చేతిలోను ఉన్న మొబైల్ ఫోనును నిలువుగా, ఏమాత్రము పైకి వంచక పట్టుకొని, ఇంకను దూరము జరిగి చిత్రము తీసి, తరువాత దిగువ సగములోని నేలను కత్తిరించివేసినచో అదే ఫలితము వచ్చును. కత్తిరించిన మేరకు వివరము నష్టపోవును, నిజమే. వ్యూ కెమెరాలో ఆ నష్టము లేదు. సూత్రము మాత్రము ఒక్కటే.

నిలువు గీత నిలువుగా నుండుట కంటి వేడుకకు మాత్రమే అని కొందరు తలంతురు. మేము అట్లు తలపము. జర్మనీ దేశమున 1858లో ఆల్‌బ్రెహ్ట్ మైడెన్‌బావర్ అను యువ వాస్తునిపుణుడు వెట్స్‌లార్ పట్టణములోని పెద్ద చర్చిని కొలతలు తీయుచు, గోడ పైభాగమున పట్టుతప్పి పడిపోవుట త్రుటిలో తప్పించుకొన్నాడు. గోడ ప్రాకి కొలుచుటకు మారుగా ఛాయాచిత్రముపైననే కొలువరాదా అను ఆలోచన అతనికి అప్పుడు కలిగినది. 1885లో ప్రష్యా ప్రభుత్వము ఆ పని కొరకే ఒక సంస్థను స్థాపించి అతని చేతికిచ్చినది. రెండవ ప్రపంచ యుద్ధములో దెబ్బతిన్న కట్టడముల పునర్నిర్మాణమునకు ఆ సంస్థ మిగిల్చిన చిత్రములు అక్కరకు వచ్చినవి. మన ఇంటి సంగతియే చూచినచో, 2019 మే నెలలో చార్మినారు మీనారొకదానినుండి గచ్చు నగిషీ ముక్క ఊడి క్రిందపడినది. ఊడిన చోట తిరిగి ఏ లత ఎంత వంపుతో మలచవలెనో పనివానికి చెప్పవలసినది పాత చిత్రమే గదా! ఒరిగిన మీనారు చిత్రము అతనికి ఏమి చెప్పగలదు?

ఈ సందర్భమున మన నగరముతో ముడిపడిన ఒక మహాకళాకారుని స్మరింపవలెను. 1844లో మీరట్ సమీపమున సర్ధనాలో జన్మించిన లాలా దీన్ దయాళ్ రూర్కీ ఇంజనీరింగు కళాశాలలో చదివి, ఇందూరులో పబ్లిక్ వర్క్స్ శాఖ కొలువులో నక్షాలు గీసినవాడు. ఆ పిమ్మట కెమెరా చేపట్టి ఆరవ నిజాము మహబూబ్ అలీ ఖాన్ ఆస్థాన ఛాయాగ్రాహకుడై, సికిందరాబాదులో స్టూడియో నడిపి, ముసవ్విర్ జంగ్ అను బిరుదు పొందినాడు. 1905లో కీర్తిశేషుడైనాడు. చిత్రకారుడను అర్థము గల మాటను జంగు బిరుదుతో జతపరచుట నిజాము దర్బారుకే చెల్లినది. ఆ కాలపు ప్లేటు కెమెరాలలో అనేకమునకు లెన్సు పలకను ఎత్తు ఏర్పాటు, వెనుక చట్రమును వంచు ఏర్పాటు ఉండెడివి. నక్షా గీసిన చేతికి నిలువు గీత విలువ వేరుగా చెప్పవలసిన పని ఉండదని మా అభిప్రాయము.

ప్రక్కకు జరుపుటను గూర్చి ఎక్కువ చెప్పనక్కరలేదు, అది ఎత్తుట యొక్క అడ్డుపోలికయే. ఒక్క ఉపయోగము మాత్రము ప్రత్యేకముగా చెప్పదగినది. అద్దము బిగించిన ఖత్తాతీ ఫలకమును చిత్రము తీయబోయినచో, దస్తూరీతోపాటు నల్లగుడ్డ కప్పుకొన్న ఛాయాగ్రాహకుడును అద్దములో ప్రతిఫలించును. అప్పుడు కెమెరాను ఒక ప్రక్కకు తొలగించి, వెనుక చట్రమును ఫలకమునకు సమాంతరముగనే ఉంచి, లెన్సును ఫలకమువైపు జరుపవలెను. లెన్సునుండి ఫలకపు తలమునకు గీసిన లంబము ఫలకము అంచునకు తగినంత వెలుపల పడినచో ప్రతిబింబము మాయమగును. అలిఫ్ అలిఫ్‌గానే నిలుచును.

ఇక వంచుట. ఇది ఎత్తుట కంటె సూక్ష్మమైనది, ఎక్కువమంది పొరబడునదియు ఇదియే. లెన్సు, ఫిల్ము సమాంతరముగా ఉన్నపుడు స్పష్టముగా కనిపించు తలము కూడ వాటికి సమాంతరముగా గోడవలె నిలుచును. మక్కా మసీదు ప్రాంగణము వంటి పరచిన నేలను పాదములవద్దనుండి దూరపు తోరణములవరకు స్పష్టముగా తీయవలెనన్నచో ఆ నిలువు గోడ మనకు ఉపకరింపదు. లెన్సు ద్వారమును తగ్గించుచు పోవచ్చును. కాని 150 మిల్లీమీటర్ల లెన్సును ఎఫ్ 32కు తగ్గించి జాగ్రత్తగా కేంద్రీకరించినను సుమారు మూడున్నర మీటర్లకు ఈవల నున్నది మసకగనే ఉండును. పెద్ద ఫిల్మునకు పొడవు నాభ్యంతరము తప్పదు, దానివలన వచ్చు ఇబ్బంది ఇది.

లెన్సును వంచినచో స్పష్టతా తలమును వంగును. ఎట్లు వంగునో చెప్పు నియమము ఆస్ట్రియా సైనికాధికారి థియోడార్ షైమ్‌ఫ్లూగ్ పేరున ప్రసిద్ధము. గాలిలోనుండి తీసిన చిత్రములను పటములుగా మార్చు ప్రయత్నములో అతడు 1904లో దీనిని వివరించినాడు. ఫ్రాన్సు దేశస్థుడు జూల్ కార్పాంత్యే 1901లో పొందిన పేటెంటులోనే ఈ బీజము ఉన్నది. ఫిల్ము తలము, లెన్సు తలము, వస్తు తలము, ఈ మూడును ఒకే సరళరేఖలో కలిసినచో వస్తు తలమంతయు స్పష్టముగా పడును. తెరచిన పుస్తకములో మూడు పుటలు ఒకే కుట్టువద్ద కలిసియుండుటను ఊహించినచో సులభముగా బోధపడును.

ఎంత వంచవలెనన్నది లెక్కకు అందునదే. వెనుక చట్రము నిటారుగా ఉండగా, లెన్సు నాభ్యంతరమును నేలనుండి లెన్సుకు గల ఎత్తుతో భాగించినచో వచ్చునది వంపుకోణము యొక్క సైన్ విలువ. 150 మిల్లీమీటర్లను 1500తో భాగించినచో పదవ వంతు. కోణము ఆరు డిగ్రీలకు కొంచెము తక్కువ. త్రికోణమితి పరీక్షకు తప్ప దేనికి అను విద్యార్థులకు ఇది మా సమాధానము! క్రొత్తగా నేర్చువారు ఇరువది డిగ్రీలు వంచి, ఏదియు స్పష్టము కాలేదని కెమెరాను నిందింతురు.

కళాశాలలో ఏటేటా తీయు గ్రూపు ఫోటో ఇందుకు మంచి ఉదాహరణ. కుర్చీలలో అధ్యాపకులు, వెనుక నిలిచినవారు, ఆ వెనుక బెంచీలపై నిలిచినవారు. ఈ ముఖములన్నియు దాదాపు ఒక వాలు తలములో ఉండును. లెన్సును కొంచెము ముందుకు వంచి స్పష్టతా తలమును ఆ వాలునకు చేర్చినచో, ద్వారమును మిక్కిలి తగ్గించనవసరము లేదు. ద్వారము పెద్దదైన కొలది షట్టరు వేగము పెరుగును, రెప్ప వేసినవారు, తల త్రిప్పినవారు తగ్గుదురు. ముందువరుసవారి చెప్పులు కొంత మసకబారవచ్చును, దానికెవరును నొచ్చుకొనరు.

వంపు అన్నిచోట్ల పనికిరాదు. స్పష్టముగా పడు ప్రదేశము కెమెరాచెంత సన్నగాను, దూరము పోయిన కొలది మందముగాను ఉండును. ప్రాంగణము నడుమ దగ్గరలో ఒక స్తంభము నిలిచియున్నచో నేల స్పష్టమైనను స్తంభపు తల మసకబారును. అట్టిచోట వంపు మాని ద్వారము తగ్గించుటయే మేలు. మరియొక హెచ్చరిక. లెన్సును వంచినపుడు ముఖ్యముగా మారునది స్పష్టత, వెనుక చట్రమును వంచినపుడు స్పష్టతతోపాటు ఆకృతియు మారును. బిద్రీ సురాహిని గంభీరముగా చూపదలచి వెనుక చట్రమును వంచువారున్నారు. వ్యాపార ప్రకటనకైనచో తప్పులేదు. పురావస్తు నమోదునకైనచో అది అబద్ధసాక్ష్యము.

కంప్యూటరులో ఒరిగిన మీనారును నిలబెట్టవచ్చును గదా అందురు. నిలబెట్టవచ్చును. కాని కుంచించుకొనిపోయిన పైభాగమును సాగదీయుటయే దాని పద్ధతి. అక్కడ లేని నగిషీ వివరము సాగదీతవలన రాదు. మసకబారిన చోటును ఒక్క చిత్రమునుండి తిరిగి నిజముగా స్పష్టము చేయుట అంతకన్న కష్టము.

కెమెరా చెంతకు పోవు అవకాశము దొరికినవారు ఈ వరుసను పాటింపవలెను. మొదట అన్ని చట్రములను సున్నవద్ద నిలిపి రసమట్టము చూడవలెను. వెనుక చట్రమును కట్టడమునకు సమాంతరము చేయవలెను. తరువాత ఎత్తుట, జరుపుట. అవసరమైననే వంచుట, వంచిన పిదప దూరమును దగ్గరను మార్చి మార్చి తిరిగి కేంద్రీకరించుట. ద్వారమును పనిచేయు అంకెకు తగ్గించిన తరువాత గాజు పలక నాలుగు మూలలను భూతద్దముతో చూడవలెను. చాల పలకలకు మూలలు కొద్దిగా కత్తిరించియుండును. ఆ సందుగుండా లెన్సువైపు చూచినపుడు దాని ద్వారము పూర్తిగా గుండ్రముగా కనిపించవలెను. నిమ్మతొనవలె కోసినట్లు కనిపించినచో వలయము చాలలేదనియో, తిత్తి మడత అడ్డుపడినదనియో తెలిసికొని, లెన్సును ఒకటి రెండు మిల్లీమీటర్లు దింపి మరల చూడవలెను.