క్యాచ్ వదిలేశాక గ్రౌండ్‌కి వెళ్లడం మానేశాడు

ప్రశ్న: మా అబ్బాయి డిగ్రీ రెండో సంవత్సరం. కాలేజీల ఫైనల్లో క్యాచ్ వదిలేశాడు. మ్యాచ్ యూట్యూబ్‌లో లైవ్ వచ్చింది. ఆ ముక్క కత్తిరించి ఇన్‌స్టాలో తిప్పుతూ బూతులు తిడుతున్నారు. వారంగా గ్రౌండ్‌కి వెళ్లడం లేదు. ఏం చేయాలి?
– ఒక తల్లి, గుంటూరు

జవాబు: అమ్మా, "ఫోన్ పక్కన పడేయరా" అని మాత్రం అనకండి. తిట్టినవాళ్లలో కొందరు వాడి క్లాసువాళ్లే అయి ఉండొచ్చు. రేపు క్యాంటీన్‌లో వాళ్ల పక్కనే కూర్చోవాలి. అర్ధరాత్రి దుప్పటి కింద ఆ కామెంట్లు చదువుకుంటున్నప్పుడు వాడు ఒంటరి.

2022 ఆసియా కప్‌లో పాకిస్థాన్ మీద ఇలాగే క్యాచ్ వదిలేసినప్పుడు భారత బౌలర్ అర్ష్‌దీప్ సింగ్‌కి 23 ఏళ్లు. తిట్టినవాళ్లు అతని వికీపీడియా పేజీని కూడా వదల్లేదు, మార్చేశారు. ఆ రాత్రే విరాట్ కోహ్లీ అతని వైపు నిలబడ్డాడు. తానూ కుర్రాడిగా ఉన్నప్పుడు పాకిస్థాన్ మీదే చెత్త షాట్ ఆడి, తెల్లవారుజాము 5 దాకా నిద్రపోలేదని చెప్పాడు. 2024 టీ20 ప్రపంచకప్‌లో అదే అర్ష్‌దీప్ 17 వికెట్లు తీశాడు.

మీవాడికీ అలాంటి మాట సీనియర్ నోటి నుంచే రావాలి. కెప్టెన్నో కోచ్‌నో ఇంటికి రమ్మనండి. భయం పట్టిన కుర్రాడి ధ్యాస బంతి మీద ఉండదు, తన చేతుల మీద ఉంటుంది. వేళ్లు బిగుసుకుంటాయి. అందుకే ముందు ఎవరూ చూడని చోట తేలిక క్యాచ్‌లు పట్టించమనండి. బెదిరింపులుంటే స్క్రీన్‌షాట్లు దాచి ప్రిన్సిపాల్‌కి చూపించండి.

తిండి, నిద్ర మానేసినా, బతుకు మీద విరక్తిగా మాట్లాడినా ఆగకండి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కి ఫోన్ చేయండి, తెలుగులోనే మాట్లాడతారు.