ఆర్‌ఎక్స్ 100 క్రాంకు: మొత్తం మార్చాలా?

ప్రశ్న: మా నాన్నగారి 1992 నాటి యమహా ఆర్‌ఎక్స్ 100 ఇంజన్‌లో కింది నుంచి గడగడ చప్పుడు వస్తోంది. క్రాంకు మొత్తం మార్చాలని మెకానిక్ అంటున్నారు. నిజంగా అవసరమా?

జవాబు: ముందు హెడ్డు, బోరు విప్పించి, కనెక్టింగ్ రాడ్డును పైకీ కిందికీ లాగి చూడండి. పక్కలకు కాస్త ఆడటం సహజమే. నిలువుగా ఏమాత్రం ఆడినా కింది బేరింగు అరిగినట్టే. అంతవరకే అయితే క్రాంకు మార్చనక్కర్లేదు. ఈ బండి క్రాంకు విడిభాగాలను ప్రెస్సుతో బిగించి చేసినది కాబట్టి రాడ్డు, పిన్ను, బేరింగు ఉన్న కిట్టు వేయిస్తే చాలు. పిన్ను కూర్చునే రంధ్రం వదులైనా, షాఫ్టు చివరి మరలు చెడినా, మెయిన్ బేరింగు కూర్చునే చోటు అరిగినా మాత్రం మార్చాల్సిందే. కంపెనీ పాత క్రాంకు బాగుపడేలా ఉంటే, నాసిరకం కొత్తదానికన్నా నేను దాన్నే ఎంచుకుంటాను.

డయల్ గేజీ పెట్టి వంకరను 0.03 మి.మీ. లోపుకు తెచ్చే లేతు షాపుకే పని ఇవ్వండి. తర్వాత క్రాంకును సుత్తితో కొట్టి కేసులోకి దింపితే ఆ శ్రమంతా వృథా, దయచేసి ఒప్పుకోకండి.

మెయిన్ బేరింగులు, రెండు ఆయిల్ సీళ్లు కొత్తవి వేయించండి. క్లచ్ వైపు సీలు పోతే ఇంజన్ గేరు ఆయిల్‌ను పీల్చి తెల్లపొగ వదులుతుంది. మాగ్నెట్ వైపుది పోతే గాలి చొరబడి, మిశ్రమంలో పెట్రోలు తగ్గి పిస్టన్ పట్టేస్తుంది. క్రాంకు కేసు మార్చవద్దు, ఇంజన్ నంబరు దానిమీదే ఉంటుంది. ఆయిల్ పంపులో గాలి తీయించాకే స్టార్ట్ చేయండి.